అనంత పీఠభూమిపై రెండు రేఖలు కలిసే చోట

అనంతపురం పీఠభూమి మీద కొత్త మనిషి ఎవరి కంటా పడకుండా నడవడం సాధ్యం కాదు. అక్కడ చెట్టు తక్కువ, చాటు తక్కువ. మైలు దూరాన మంద వెంట నడిచే గొర్రెల కాపరికి కూడా రోడ్డు దిగి చేనుగట్టు ఎక్కిన మనిషి స్పష్టంగా కనిపిస్తాడు. ఆ మనిషి చేతిలోని వస్తువును చూసుకుంటూ నాలుగడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కి వేస్తూ ఉంటే ఇక చూసేవారు ఊరకే ఉండలేరు. దగ్గరికి వస్తారు. “ఏమప్పా, ఏం ఎతుకుతుండారు?” అని అడుగుతారు.

పట్టణవాసులకు ఇది ఉబుసుపోక అడిగే ప్రశ్నగా తోచవచ్చు. ఈ నేల చరిత్ర కొంత తెలిసినవారికి అలా తోచదు. ఇక్కడ భూమిని చూస్తూ నడిచినవాడు ప్రతి తరంలోనూ ఏదో ఒకటి తెచ్చిపెట్టాడు, లేదా ఏదో ఒకటి పట్టుకుపోయాడు. అందుకే ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పవలసిన బాధ్యత నడిచేవాడి మీద ఉంటుంది. గత వేసవి సెలవుల్లో పిల్లలతో కలిసి మేము చేసిన ఒక చిన్న ప్రయాణంలో ఈ బాధ్యత ఎంత బరువైనదో తెలిసింది. ఆ ముచ్చటను పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

నేలను చూస్తూ నడిచేవారు

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తరువాత అత్యల్ప వర్షపాతం గల జిల్లాగా దీనికి పేరుపడింది. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. పెన్నా, చిత్రావతి, వేదవతి వంటి నదుల పేర్లు పటంలో ఉన్నా వాటి ఇసుక ఏడాదిలో చాలా భాగం పొడిగానే కనిపిస్తుంది. ఇలాంటి చోట వేరుశనగ వేసిన రైతు పైకి చూసి వాన కోసం, కిందికి చూసి బోరునీటి కోసం ఎదురుచూడడం సహజమే.

కాబట్టి పొలంలో పరికరంతో కనిపించినవాడిని చూడగానే మొదట కలిగే ఊహ నీటిదే. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నడిచేవారు, వేపపుల్లను రెండు చేతులా పట్టుకొని తిరిగేవారు, నాలుగు ఇనుప కడ్డీలు భూమిలో దించి వాటికి తీగలు తగిలించి కొలిచే భూగర్భ నిపుణులు, వీరందరినీ ఈ పల్లెలు చూశాయి. వారు చూపిన చోటును ఇక్కడ ‘పాయింటు’ అంటారు. ఆ ఒక్క మాట మీద లక్షల రూపాయల అప్పు లేస్తుంది. నీళ్లు పడితే కుటుంబం నిలుస్తుంది, పడకపోతే మరో పాయింటు వెతకాలి.

రెండో ఊహ వజ్రాలది. వజ్రకరూరు చుట్టుపక్కల పొలాల్లో తొలకరి జల్లులు పడగానే జనం తలలు వంచి వెతుకుతూ తిరుగుతారు. వాన మట్టిని కడిగినప్పుడు మెరిసే రాయి ఏదైనా పైకి తేలుతుందేమోనని ఇరుగుపొరుగు జిల్లాల నుంచి కూడా కుటుంబాలతో వచ్చి చెట్ల కింద వంట చేసుకునేవారున్నారు. వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైట్ శిలలు అక్కడి భూమి పొరల్లో ఉన్నందున ఆ ఆశకు కొంత ఆధారమూ ఉంది.

మూడో ఊహ గుప్తనిధులది. పాత కోటలు, పాడుబడిన గుళ్లు ఉన్న చోట రాత్రివేళ తవ్వకాలు జరిగాయన్న వార్తలు రాయలసీమలో తరచుగా వినిపిస్తాయి. నాలుగోది భూమిపోతుందన్న భయం. గాలిమరలకు, సౌరఫలకాలకు, గనులకు నేల చూసేవారు కూడా ఇలాగే ఫోను పట్టుకొని వస్తారు. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైన తరువాత డ్రోన్లు, ఉపగ్రహ పరికరాలు, కొత్త హద్దురాళ్లు పల్లెల్లో అందరికీ పరిచయమయ్యాయి.

ఒక ఆట, దాని నియమం

మేము వెళ్లింది వీటిలో దేనికోసమూ కాదు, ఒక ఆట కోసం. దాని పేరు జియోకాషింగ్. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం తన జీపీఎస్ ఉపగ్రహ సంకేతాల్లో పౌరుల వాడకానికి కావాలని పెట్టిన లోపాన్ని తొలగించింది. అంతకు ముందు వంద మీటర్ల వరకు తప్పు చూపగలిగిన పరికరం ఒక్కసారిగా కొద్ది మీటర్ల తేడాతో చోటును చెప్పసాగింది. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలోని ఒక అడవిలో కొన్ని వస్తువులతో ఒక బకెట్టును దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్టులో ప్రకటించాడు. కొద్ది రోజుల్లోనే ఇతరులు దాన్ని వెతికి పట్టుకున్నారు. ఆ విధంగా మొదలైన ఆట నేడు ప్రపంచమంతా వ్యాపించింది. డబ్బా దొరికినవారు అందులోని పుస్తకంలో సంతకం చేసి, దాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టి వస్తారు.

ఈ ఆటకు సోదరి వంటిది మరొకటి ఉంది. 1996లో అలెక్స్ జారెట్ అనే యువకుడు ప్రారంభించిన ఆ ప్రయత్నంలో డబ్బా ఉండదు. పూర్ణాంక అక్షాంశం, పూర్ణాంక రేఖాంశం ఖండించుకునే బిందువుకు వెళ్లి, అక్కడి నేలను నాలుగు దిక్కులా ఫొటో తీసి రావడమే పని. ఆ రేఖలు భూమి మీద ఎక్కడా గీసి ఉండవు, మనిషి లెక్క కోసం ఊహించుకున్నవి. మన పీఠభూమి మీదా, దాని అంచుల్లోనూ ఇలాంటి బిందువులు ఉన్నాయి. 15వ ఉత్తర అక్షాంశం, 78వ తూర్పు రేఖాంశం తాడిపత్రికి ఉత్తరాన సుమారు 10 కిలోమీటర్ల దూరంలో కలుస్తాయి. 14, 78 కలిసే చోటు కదిరికి నైరుతి దిక్కున ఉంది. 15, 77 కలిసే చోటు బళ్లారికి ఆగ్నేయాన ఉంది.

జియోకాషింగులో ఆటగాళ్లు పాటించే ఒక అలవాటు మమ్మల్ని మొదటి నుంచీ ఆలోచింపజేసింది. దారిన పోయేవారికి తెలియకుండా వెతకాలట. ఆట తెలియనివారిని వారు ‘మగుల్స్’ అంటారు. హ్యారీ పాటర్ కథల్లో మంత్రవిద్య తెలియని సామాన్యులకు పెట్టిన పేరది. ఎవరైనా వస్తే బూటు లేసు కట్టుకుంటున్నట్లు, ఫోనులో మాట్లాడుతున్నట్లు నటించి, వారు వెళ్లాక వెతకాలని పాతవారు కొత్తవారికి చెబుతారు. డబ్బాను ఎవరూ ఎత్తుకుపోకుండా కాపాడుకోవడానికి వచ్చిన అలవాటిది. నగరపు ఉద్యానవనంలో ఇది చెల్లుతుందేమో. ఒక మనిషి చెమటతో బతుకుతున్న చేనులో నిలబడి, ఆ మనిషి ముందే నటించడం తగునా అన్నది మా సందేహం.

ఒక డిగ్రీ కోసం నడిచినవారు

బయలుదేరే ముందు రాత్రి పిల్లలకు ఈ డిగ్రీల కథ చెప్పాము. క్రీ.శ. 813 నుంచి 833 వరకు పాలించిన అబ్బాసీ ఖలీఫా మామూన్ భూమి చుట్టుకొలతను తెలుసుకోగోరి ఖగోళవేత్తలను సింజార్ మైదానానికి పంపారు. అక్కడ వారు రెండు జట్లుగా చీలి ఒకరు ఉత్తరానికి, ఒకరు దక్షిణానికి కొలుచుకుంటూ నడిచారు. ఆకాశంలో ధ్రువం ఎత్తు సరిగ్గా ఒక డిగ్రీ మారేవరకు నడిచి, ఒక డిగ్రీకి 56 మైళ్లు, ఇంకా మైలులో మూడింట రెండు వంతులు అని లెక్క తేల్చారు. అరబ్బు మైలు నేటి మైలు కంటే పెద్దది. తరువాత 11వ శతాబ్దిలో అల్‌బిరూనీ పంజాబులోని నందనా కోట దగ్గర ఒక కొండ మీద నిలబడి, దిగంతం ఎంత కిందికి వంగి కనిపిస్తున్నదో కొలిచి, ఎడారిలో నడవకుండానే భూమి వ్యాసార్థాన్ని గణించారు.

అదే ప్రశ్న వెయ్యేళ్ల తరువాత మన నేల మీదికీ వచ్చింది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులో ప్రారంభించిన త్రికోణమితి సర్వే 78వ రేఖాంశానికి దగ్గరగా ఉత్తరానికి సాగి, కన్యాకుమారి ప్రాంతం నుంచి హిమాలయ పాదాల వరకు దాదాపు 2400 కిలోమీటర్ల చాపాన్ని కొలిచింది. 1811లో గుత్తి దగ్గర ఒక ఆధార రేఖను కొలిచారు. అర టన్ను బరువుండే థియోడలైటు యంత్రాన్ని మనుషులే కొండల మీదికి మోశారు. నాడు కూడా చూసేవారు ఊరకే ఉండలేదు. ఎత్తైన చోట దూరదర్శిని బిగిస్తే ఇళ్ల ఆవరణల్లోని స్త్రీలను చూస్తున్నారన్న అనుమానం సర్వే బృందాలకు పలుచోట్ల ఎదురైంది. ఆ సర్వే యంత్రాలను తరువాతి కాలంలో నిలబెట్టిన నిపుణుడు ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్ అని చెప్పినప్పుడు మా అబ్బాయి లేచి కూర్చున్నాడు. జార్జ్ ఎవరెస్ట్ ఆయన నైపుణ్యాన్ని మెచ్చుకున్నారు. 1843లో గణిత పరికరాల నిర్మాతగా ఆయనకు ప్రభుత్వ పదవి లభించింది.

అయితే పల్లె జ్ఞాపకంలో నిలిచిన కొలత మరొకటి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తరువాత థామస్ మన్రో దత్త మండలాల్లోని పొలాలన్నింటినీ 33 అడుగుల గొలుసుతో కొలిపించాడు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న చదరాలు నలభై అయితే ఎకరం. కొలిచింది శిస్తు కట్టడానికే. భూమి గుండ్రనా, చదునా అన్నది రైతుకు అక్కరలేకపోయింది. గొలుసు వచ్చిన తరువాత శిస్తు వస్తుందని మాత్రం తెలిసింది.

చేను దాటి చేనుకు

ఫజ్ర్ నమాజు ముగించుకొని తాడిపత్రి నుంచి ఉత్తరానికి బయలుదేరాము. మే నెలాఖరు కావడంతో పైరు లేని చేలు నల్లగా బీటలు వారి ఉన్నాయి. ఈ వైపు నేల సున్నపురాతిది. నాపరాళ్ల గనులు, వాటి పక్కన పోసిన తునకల గుట్టలు దారి పొడవునా కనిపించాయి. చేలకు హద్దులుగా కూడా నాపబండలే నాటారు. ఇదే సున్నపురాయిని యుగాల తరబడి నీరు కరిగించినందువల్లనే కొద్ది దూరంలో 3 కిలోమీటర్లకు పైగా పొడవున్న బెలుం గుహలు ఏర్పడ్డాయి. కింద దారులు చేసుకున్న ఆ నీరు పైన ఉన్న రైతుకు మాత్రం ఎక్కడ దొరుకుతుందో తెలియదు. ఒక గట్టున పడిన బోరు పక్క గట్టున పడకపోవచ్చు.

వాహనాన్ని రోడ్డు పక్కన ఆపి నడక మొదలుపెట్టాము. మొదట ఎదురైనవాడు గొర్రెల కాపరి. “వజ్రాలా?” అని ఒక్క మాట అడిగాడు. కాదని చెప్పి ఫోను చూపించాము. పిల్లలను చూసి నవ్వి, ఎండ ఎక్కకముందే పని ముగించుకోమని చెప్పి మంద వెంట సాగిపోయాడు.

రెండో మనిషి మోటారు సైకిలు మీద వచ్చిన యువకుడు. బండి ఆపి, దిగకుండానే, “ఏ కంపెనీ తరపున వచ్చినారు?” అని గట్టిగా అడిగాడు. ఏ కంపెనీ కాదని చెప్పినా నమ్మలేదు. ఎక్కడో బంధువుల ఊరిలో ఇలాగే ఫోన్లు పట్టుకొని నలుగురు వచ్చారట. ఊరకే చూసి పోతున్నామన్నారట. “ఆరు నెలలకు రాళ్లు నాటిరి” అన్నాడు. అతని కోపంలో అన్యాయమేమీ లేదు. మేము ఫోను అతని చేతికే ఇచ్చాము. తెరమీద ఉన్న అంకెలు ఏమిటో, 15 తరువాత సున్నాలన్నీ రావాలంటే ఎటు నడవాలో మా అమ్మాయి అతనికి వివరించింది. అతడు కొంతసేపు చూసి, ఇందులో భూమి పత్రాలేమీ కనబడవా అని అడిగాడు. కనబడవని తెలిసిన తరువాత బండి దిగాడు.

అప్పటికి గట్టు మీద మరో ముగ్గురు నలుగురు చేరారు. వారిలో తెల్లటి తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన ఇంతసేపూ మాట్లాడలేదు. అందరూ నెమ్మదించాక దగ్గరికి వచ్చి, “బోరుకు పాయింటు చూసేకి వచ్చినారు గదా సార్?” అని మెల్లగా అడిగాడు. కాదన్నాము. “దానికి పైన ఉపగ్రహం తెలుస్తాదంటిరి గదా. పైనుంచి చూస్తే కింద నీళ్లు కూడా తెలిసే ఉంటాది. మా చేన్లో ఒక్క పాయింటు చూపియ్యండి. పడకపోయినా మిమ్మల్ని ఒక మాట అనను” అన్నాడు. తన చేనులో మూడు బోర్లు వేయించాడు. రెండింటిలో దుమ్ము లేచింది. ఒకటి రెండేళ్లు నీళ్లిచ్చి ఎండిపోయింది.

ఆ ప్రయాణం మొత్తంలో మాకు కష్టమైన క్షణం అదే. ఏదో ఒక మూల చూపించి ఊరట కలిగించాలని మనసు లాగుతుంది. చూపిస్తే ఆయన ముఖం వెలుగుతుంది కూడా. ఆ వెలుగు కింద మరో అప్పు ఉంటుంది. ఈ ఫోనుకు తాను ఎక్కడ ఉన్నదో మాత్రమే తెలుస్తుందనీ, కింద ఏముందో దానికి గాని, మాకు గాని తెలియదనీ చెప్పాము. ఆకాశంలోని ఉపగ్రహాలు గడియారాల వంటివనీ, అవి పంపిన సంకేతం ఎంత ఆలస్యంగా అందిందో చూసి ఫోను తన చోటును లెక్కగడుతుందనీ వివరించాము. ఆయన పూర్తిగా విన్నాడు. కాసేపు మౌనంగా ఉండి, “తెలీదని చెప్పినోళ్లు మీరే” అన్నాడు. అది మెచ్చుకోలో, నిట్టూర్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాము.

ఆ తరువాత మమ్మల్ని బిందువు దగ్గరికి నడిపించింది ఆయనే. అది తమ అన్నదమ్ములలో ఒకరి చేనులోకి వస్తుందని చెప్పి, గట్టు మీది నుంచే ఆ ఇంటివారిని కేకవేసి పిలిచి అనుమతి అడిగాడు. ఇతరుల ఇంటి గడప దగ్గర సలాం చెప్పి, అనుమతి దొరికాకే లోపలికి అడుగు పెట్టాలని పిల్లలకు నేర్పుతాము. చేనుకు తలుపు లేదు గనుక ఈ మర్యాదను అక్కడ మరచిపోవడం సులభం. ఆ ఉదయం ఈ పాఠం పిల్లలకు మేము చెప్పకుండానే అందింది.

చివరి ఇరవై మీటర్లు నవ్వులతో గడిచాయి. ఫోనులోని చివరి అంకెలు నిలకడగా ఉండవు. ఒక అడుగు తూర్పుకు వేస్తే ఒక సున్నా వస్తుంది, మరొకటి పోతుంది. మాతోపాటు ఊరివారు ఐదారుగురు అటూ ఇటూ కదిలారు. ఎట్టకేలకు సున్నాలన్నీ ఒక్కసారి నిలిచాయి. అక్కడ ఉన్నది ఒక ఎండిన కంది మోడు, రెండు గులకరాళ్లు. “ఇంతేనా?” అన్నాడు యువకుడు. ఇంతేనన్నాము. ఇక్కడ రెండు గీతలు కలుస్తున్నాయని, అవి కంటికి కనపడవని చెప్పాము. పెద్దాయన నవ్వాడు. “మాకు కనపడని నీళ్లు, మీకు కనపడని గీతలు. సరిపోయింది” అన్నాడు. ఆ ఇంటి ఇల్లాలు చెంబుతో మజ్జిగ తెచ్చి మొదట పిల్లలకు పోసింది. నీటి కోసం ఇంతగా తపించే చోట అతిథికి దాహం తీర్చడంలో లెక్క చూసుకోకపోవడం మమ్మల్ని నిలువునా కదిలించింది.

పాతిపెట్టని డబ్బా

మా సంచిలో ఒక చిన్న స్టీలు డబ్బా ఉంది. అందులో ఒక నోటుపుస్తకం, పెన్సిలు, కొన్ని రంగు గోలీలు పెట్టాము. బిందువు దగ్గర దాచివస్తే, తరువాత వచ్చేవారు వెతుక్కుంటారని పిల్లల ఆశ. ఆ ఆలోచనను యువకుడితో చెప్పాము. అతడు తల అడ్డంగా ఊపాడు. కొత్తవాళ్లు వచ్చి చేన్లో ఏదో పాతిపెట్టిపోయారన్న మాట సాయంత్రానికి నాలుగు ఊళ్లకు పాకుతుందనీ, రాత్రికి గునపాలు వస్తాయనీ, పొద్దున తవ్విన గుంతలకు జవాబు చెప్పవలసినవాడు చేనుగలవాడనీ అన్నాడు. అతని మాట అక్షరాలా నిజం. పరాయి దేశపు అడవిలో నిర్దోషమైన ఆట గుప్తనిధుల పుకార్లున్న పల్లెలో ఒక పేదవాడి పైరును, పరువును తీయగలదు. డబ్బాను ఆ ఇంటి పిల్లలకే ఇచ్చాము. వారు నోటుపుస్తకం మొదటి పేజీలో తమ పేర్లు, మా పిల్లల పేర్లు రాసుకున్నారు.

సెలవుల్లో కుటుంబంతో ఇలాంటి ప్రయాణం చేయదలచిన పాఠకులకు రెండు మూడు మాటలు. చేలలో పైరు లేని కాలం చూసుకొని, ఉదయాన్నే వెళ్లండి. కోటలు, పాత కట్టడాల దగ్గర దేన్నీ తవ్వవద్దు, దేన్నీ పాతవద్దు. ఎవరైనా అడగకముందే మీరే పలకరించి వచ్చిన పని చెప్పండి. పరికరాన్ని దాచకుండా వారి చేతికి ఇవ్వండి. నీటి గురించి, భూమి ధర గురించి, ప్రభుత్వ పథకాల గురించి మీకు తెలియనిది తెలిసినట్లు ఒక్క మాట కూడా అనవద్దు. మీకది మాటే, వినేవారికి అది ఒక ఏడాది బతుకు.

గొలుసు పట్టినవారు, దూరదర్శిని బిగించినవారు, రాళ్లు నాటినవారు ఈ పీఠభూమికి ఎందరో వచ్చారు. పక్కన నిలబడి చూసినవారికి వారిలో ఎందరు జవాబిచ్చారో చరిత్ర గ్రంథాలు పెద్దగా పట్టించుకోలేదు. కొలిచినవారి పేర్లే వాటిలో మిగిలాయి. కదిరి వైపు ఉన్న బిందువుకు ఈసారి వేరుశనగ కోతలయ్యాక వెళ్దామని పిల్లలు అడుగుతున్నారు. పటంలో చోటు చూసుకున్నారు. అది ఎవరి చేనో ముందుగా కనుక్కోవాలని వారే గుర్తుచేశారు.